సాలిట్యూడ్‌కు ‘ఏకాంతం’ ఎప్పుడూ సరిపోతుందా?

ఆంగ్లంలోని ‘సాలిట్యూడ్’కు ఏకాంతమనీ, ‘లోన్లీనెస్’కు ఒంటరితనమనీ అనువాదంలో స్థిరపరచుకుంటే చాలునని కొందరు మిత్రులు సూచించారు. ఆ విభజనకు ఆధారం లేకపోలేదు. ఒంటరిగా ఉండడంలోని బాధకు ఒక మాటనూ, అందులోని వైభవానికి మరొక మాటనూ భాష కల్పించుకున్నదని 1963లో పాల్ టిలిక్ అనే క్రైస్తవ తత్త్వవేత్త చెప్పిన మాటను నేటికీ ఉదాహరిస్తుంటారు. బ్రిటన్ ప్రభుత్వం 2018లో ఒక మంత్రికి ప్రత్యేకంగా అప్పగించిన బాధ్యత కూడా లోన్లీనెస్ సమస్యే. నేటి వాడుకకు ఈ సూత్రం చాలావరకు పనికివస్తుంది గాని, పాత రచనలకు దానినే అన్వయిస్తే అర్థం తలకిందులవుతుందని నా అభిప్రాయం.

లాటిన్‌లో ‘ఒక్కడు’ అనే అర్థమిచ్చే ‘సోలుస్’ సాలిట్యూడ్ అనే పదానికి మూలం. ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి వచ్చిన ఈ మాట ప్రధానంగా మనుషులు దగ్గర లేని స్థితిని చెబుతుంది. ఆ స్థితి సుఖమో దుఃఖమో పక్కనున్న మాటలను బట్టి తెలుసుకోవాలి. అందుకే ‘లివ్ ఇన్ సాలిట్యూడ్’, ‘సీక్ సాలిట్యూడ్’ అంటారు గాని, మనసుకు వెలితిగా ఉన్నదని చెప్పడానికి ‘ఐ ఫీల్ లోన్లీ’ అనే అంటారు. కవిత్వంలో ఈ పదానికి బహువచనం వస్తే అది స్థలవాచకమవుతుంది. అక్కడ మనకు ‘విజన ప్రదేశాలు’ అన్నది చక్కగా అమరుతుంది.

అలెగ్జాండర్ సెల్కిర్క్ అనే స్కాట్లాండు నావికుడు 1704 నుంచి 1709 వరకు పసిఫిక్ సముద్రంలోని ఒక నిర్జన ద్వీపంలో ఒక్కడే బతికాడు. ఆంగ్ల కవి విలియం కూపర్ 1782లో ప్రచురించిన పద్యంలో అతని చేత సాలిట్యూడ్‌ను సంబోధింపజేసి, ఋషులు నీ ముఖంలో చూసిన ఆ అందాలెక్కడ అని అడిగించాడు. ఈ భయంకరమైన చోట ఏలికగా ఉండడం కన్నా కలవరాల నడుమ బతకడమే మేలనిపించాడు. ఇక్కడ ‘ఓ ఏకాంతమా’ అని అనువదిస్తే, తెలుగు పాఠకుడికి ఆ మాటలోని ప్రశాంతతే ముందు తగిలి, నావికుడి నిస్పృహ సగం చల్లారిపోతుంది. ‘ఒంటరి బతుకా’ అంటేనే ఆ గొంతు పలుకుతుంది. వర్డ్స్‌వర్త్ 1807లో ప్రచురించిన డాఫొడిల్ పూల కవితలో ‘లోన్లీ’, ‘సాలిట్యూడ్’ రెండూ ఉన్నాయి. మొదటిదానిలోనూ బాధ ఏమంత వినిపించదు.

మన ‘ఏకాంతం’ పరిధి వేరు. రాజు మంత్రితో ఏకాంతంగా మాట్లాడతాడు, కొత్త దంపతులకు ఏకాంతం కల్పిస్తారు, తిరుమలలో రాత్రి చివరి సేవ ఏకాంత సేవ. ఇతరులు లేకపోవడమే ఇందులో ముఖ్యం. ఉన్నవారు ఒక్కరా, ఇద్దరా అన్నది పట్టింపు కాదు. సంస్కృతంలో ‘రహస్సు’ అంటే ఏకాంత స్థలం, దాని నుంచే ‘రహస్యం’ పుట్టింది. ఈ చాటుమాటు అర్థం సాలిట్యూడ్‌లో లేదు, అందుకు ఆంగ్లేయులు ‘ప్రైవసీ’ అంటారు. మరోవైపు మన ‘ఒంటరి’ కూడా ఎప్పుడూ దిగులు మాట కాదు. ‘ఒంటరిగా ప్రయాణం చేసింది’ అన్నప్పుడు జాలి ఏమీ లేదు. ‘ఒంటికాయ శొంఠికొమ్ము’ అన్నప్పుడు మాత్రం నా అన్నవారు లేరన్న ధ్వని వెంటనే వినిపిస్తుంది.

ఈ తేడా చట్టం దగ్గర మరీ గుచ్చుకుంటుంది. భారత శిక్షాస్మృతి 73వ సెక్షన్ ‘సాలిటరీ కన్‌ఫైన్‌మెంట్’ను మొత్తం మీద మూడు నెలలకు మించకుండా విధించేందుకు వీలు కల్పించింది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నిబంధన 11వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. దీనిని ‘ఏకాంత కారాగారవాసం’ అని రాస్తే, మనిషి మాట, మనిషి ముఖం లేకుండా చేసే శిక్ష కాస్తా ఎవరో కోరుకున్న విశ్రాంతిలాగా ధ్వనిస్తుంది. ‘ఒంటరి ఖైదు’ అనే మాటను పత్రికలవారు వాడుకలో స్థిరపరిస్తే బాగుంటుందని నా మనవి.