హనోయ్‌లో మొదటి రోజు: పొద్దున్నే దిగితే మధ్యాహ్నం రెండింటి దాకా ఏం చేయాలి?

నెల్లూరు_సంచి:
జనవరి రెండో వారంలో ఒక్కడినే వియత్నాం వెళ్తున్నాను. దేశం దాటడం ఇదే మొదటిసారి. ఫ్లైట్ పొద్దున ఆరింటికి హనోయ్‌లో దిగుతుంది. ఓల్డ్ క్వార్టర్‌లో హాస్టల్ బుక్ చేశాను గానీ మంచం మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరట. తొమ్మిది కిలోల బ్యాగు, రాత్రంతా నిద్ర ఉండదు, భాష రాదు. గుడ్డు తింటాను, మాంసం, చేపలు తినను. ఆ ఎనిమిది గంటలు ఎలా గడపాలో వెళ్లొచ్చినవాళ్లు చెప్తారా? అమ్మ దగ్గర మాత్రం అంతా తెలిసినట్టే ఫోజు కొట్టాను.

ఒంటరి_ప్రయాణం_అక్క:
తమ్ముడూ, నేనూ ఒక నవంబర్‌లో ఇలాగే దిగాను. మంచం రెండింటికే ఇచ్చారు గానీ బ్యాగు పొద్దున్నే తీసిపెట్టుకున్నారు. నువ్వూ హాస్టల్‌కి ముందే ఒక మెసేజ్ పెట్టి నేరుగా అక్కడికే వెళ్లు. ఎయిర్‌పోర్ట్ బయట నారింజ రంగు 86 నంబర్ బస్సు ఉంటుంది. నేను వెళ్లినప్పుడు టికెట్ 45 వేల డాంగ్, అంటే మన నూట యాభై. గంటలో ఊళ్లో ఉంటావు.

45 వేలు అనగానే కంగారు పడకు. చివరి మూడు సున్నాలు కొట్టేసి మూడుతో గుణించు, దాదాపు మన రూపాయల్లోకి వచ్చేస్తుంది. ఆ సున్నాలు వాళ్లు కూడా మాటల్లో పలకరు. జాగ్రత్తగా ఉండాల్సింది రంగుల దగ్గర. 20 వేల నోటు నీలం, 5 లక్షల నోటూ నీలమే, రెండింటి మీదా వియత్నాం నాయకుడు హో చి మిన్ బొమ్మే.

మొదటి పొద్దునే బోల్తా పడ్డాను. సందు మలుపులో ఒకావిడ సోయ్ సియో అమ్ముతోంది. పసుపు కలిపి ఆవిరి మీద వండిన జిగురు అన్నం అది. పక్కన మెత్తగా నూరిన పెసరపప్పు, గట్టి ముద్దగా కట్టి ఉంది. ఆ ముద్దను ఎడమ చేత్తో పట్టుకుని కత్తితో పొరలు పొరలుగా చెక్కుతుంటే పప్పు పొడి అన్నం మీద రాలుతుంది. పైన వేయించిన ఉల్లి, అరటాకులో పొట్లం. (ఒక్కోచోట కోడి కొవ్వు కూడా పోస్తారు. గిన్నె ఎత్తగానే వద్దని చెయ్యి ఊపు.) నీలం నోటు ఇచ్చి నడుస్తున్నాను, వెనక నుంచి కేక. కత్తి పక్కన పెట్టి వచ్చి నా 5 లక్షలు నా చేతిలోనే పెట్టి, గుప్పిట్లోంచి 20 వేల కాగితం తనే లాక్కుని వెళ్లిపోయింది. తిట్టిందో నవ్విందో ఇప్పటికీ తెలీదు. అప్పటి నుంచి పెద్ద నోట్లు వేరే జేబులో.

ఇంక రోడ్డు. కోఠిలో దాటినదాన్ని, ఇదెంత అనుకున్నాను. మన పద్ధతి అక్కడ పనికిరాదు. చెయ్యెత్తి పరిగెత్తావా, బైకువాడు నీ అడుగు లెక్క తప్పుతాడు. ఒకే వేగంతో మెల్లగా నడువు, మధ్యలో ఆగకు, వెనక్కి తగ్గకు. బైకులే నీ చుట్టూ తిరిగి పోతాయి. బస్సులు, కార్లు మాత్రం తిరగవు, వాటికి దారివ్వాలి.

తిండికి ఒక్క మాట చాలు: 'చాయ్'. అక్కడ శాకాహారానికి అదే మాట! బోర్డు మీద 'కమ్ చాయ్' అని ఉంటే శాకాహార భోజనం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో చాలామంది అదే తింటారు. టీ అనుకుని అడిగితే నీకు అన్నం చూపిస్తారు. మామూలు హోటళ్లలో కూరగాయలు మాత్రమే ఉన్నా చేపల సాస్ పడి ఉంటుంది, చూసుకో.

గుడ్డు తింటానన్నావు కాబట్టి గియాంగ్ కేఫ్‌లో ఎగ్ కాఫీ తాగు. 1946లో పాలు దొరక్క పచ్చసొన గిలక్కొట్టి పోశారట. కప్పును వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఇస్తారు. నీచు వాసన వస్తుందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని భయంభయంగా తాగాను, తర్వాత రెండోది చెప్పాను.

మిగతా టైం హోవాన్ కియెమ్ చెరువు గట్టున బెంచీ మీద. చూడాల్సినవి ఆ రోజు పెట్టుకోకు, నిద్రమత్తులో ఏదీ తలకెక్కదు. దారి తప్పితే సుత్తి చప్పుడు విను, రేకు పనివాళ్ల హాంగ్ థియెక్ వీధి అదే.

విశాఖ_చలి:
అక్క వెళ్లింది నవంబర్‌లో కాబట్టి చలి సంగతి చెప్పలేదు. జనవరిలో హనోయ్ మనవాళ్లు అనుకునే వేడి దేశం కాదు. 15 డిగ్రీలే అయినా తేమ వల్ల ఎముకల్లోకి దిగుతుంది. టీషర్టులతో వెళ్లి రెండో రోజే జాకెట్ కొన్నాను. హో చి మిన్ సమాధి చూడాలంటే సోమ, శుక్రవారాలు ఉండదు, మిగతా రోజుల్లోనూ పొద్దున పూటే. ఈ-వీసా ప్రింట్ తీసుకెళ్లు.

నెల్లూరు_సంచి:
స్వెటర్ తీశాను. అక్కా, ఆ పెసరపప్పు అన్నం ఎన్నింటిదాకా దొరుకుతుంది?

ఒంటరి_ప్రయాణం_అక్క:
నాకు దొరికినావిడ తొమ్మిదికల్లా గంప సర్దేసేది. స్నానం తర్వాత చెయ్యొచ్చు, ముందు అక్కడికి వెళ్లు.