ది నేషనల్ మొదటి ఆల్బమ్ ఏ పాటతో మొదలుపెట్టాలి?

ది నేషనల్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌ని నేను ‘బాక్సర్’ (2007) ఆల్బమ్‌తో వినడం మొదలుపెట్టాను. అదీ, ‘హై వయొలెట్’ (2010) దాదాపు నోటికొచ్చేశాయి. వెనక్కి వెళ్తే ‘ఎలిగేటర్’ (2005) కూడా బాగానే ఎక్కింది. చివరి పాట ‘మిస్టర్ నవంబర్’లో గాయకుడు మ్యాట్ బెర్నింగర్ ఆ బరువైన గొంతు వదిలేసి అరిచే చోటు ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

చిక్కల్లా అంతకు ముందు వాటితోనే. 2003 నాటి ‘శాడ్ సాంగ్స్ ఫర్ డర్టీ లవర్స్’ కొంత నయం, ‘మర్డర్ మీ రేచల్’ వెంటనే పట్టేసింది. కానీ 2001లో బ్యాండ్ పేరుతోనే వచ్చిన మొదటి ఆల్బమ్ మాత్రం మూడో పాట దాటేసరికి ధ్యాస ఎటో పోతోంది. గిటార్లు కంట్రీ సంగీతం వైపు మొగ్గుతాయి. ‘బాక్సర్’ని నడిపించే బ్రయాన్ డెవెన్‌డార్ఫ్ డ్రమ్స్ ఇక్కడ నా చెవికి మామూలుగానే అనిపిస్తున్నాయి.

వరసగా విన్నాను, షఫుల్‌లో విన్నాను, లిరిక్స్ ముందు పెట్టుకుని రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. 2021లో వచ్చిన రీమాస్టర్ కూడా చూశాను. సౌండ్ బాగుంది గానీ నా సంగతి మారలేదు. మధ్యలో ‘చెర్రీ ట్రీ’ (2004) ద్వారా వెళ్దామనుకుంటే ‘అబౌట్ టుడే’ దగ్గరే ఆగిపోయి దాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటున్నా, ఇక ముందుకు కదిలేదెక్కడ!

‘బాక్సర్’ తర్వాత వెనక్కి వెళ్ళినవాళ్ళు చెప్పండి: 2001 ఆల్బమ్‌లో మీకు ముందుగా పట్టుబడిన పాట ఏది?