పీఎస్4కి ల్యాప్‌టాప్ తెర సరిపోతుందా, పాత మానిటర్ కొనడమే మేలా?

అమీర్‌పేట_హాస్టల్:
పీఎస్4 ఉంది, టీవీ లేదు. గదిలో మంచం, ఒక అర, అంతే. కన్సోల్ నుంచి ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి కేబుల్ పెడితే తెర మీద ఏమీ రావట్లేదు. ఏ సెట్టింగ్ మార్చాలి?

ఫ్రేమ్_లెక్క:
సెట్టింగ్‌తో అయ్యే పని కాదండీ. ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే, లోపలికి తీసుకునే చిప్పు ఉండదు. ఏలియన్‌వేర్ ఎం18ఎక్స్ లాంటి పాత మోడళ్లు ఒకటి రెంటిలోనే ఇచ్చారు.

యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు తీసుకోండి, అంటే కన్సోల్ బొమ్మను ల్యాప్‌టాప్ లోపలికి తెచ్చే చిన్న పరికరం. కన్సోల్ హెచ్‌డీఎంఐ కార్డులోకి, కార్డు ల్యాప్‌టాప్‌లోకి. ల్యాప్‌టాప్‌లో ఆ బొమ్మను చూపించే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో సోర్సెస్ కింద ప్లస్ నొక్కి వీడియో క్యాప్చర్ డివైస్ కలపండి. ప్రాపర్టీస్‌లో బఫరింగ్‌ని డిజేబుల్‌కి మార్చండి, లేకపోతే బటన్ నొక్కాక బొమ్మ ఇంకా ఆలస్యంగా కదులుతుంది. శబ్దం రాకపోతే అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మానిటర్ అండ్ అవుట్‌పుట్ పెట్టండి.

నల్ల తెర వస్తే కారణం హెచ్‌డీసీపీ, అంటే బొమ్మను కాపీ చెయ్యకుండా అడ్డే తాళం. పీఎస్4 సెట్టింగ్స్, సిస్టమ్, ఎనేబుల్ హెచ్‌డీసీపీ దగ్గర టిక్కు తియ్యాలి. ఆ టిక్కు తియ్యడానికి ముందు మెనూ కనపడాలి కదా, కాబట్టి ఒక్కసారి ఏదో ఒక టీవీ తప్పదు. టిక్కు తీసినంతసేపు నెట్‌ఫ్లిక్స్ లాంటివి ఆడవు. పీఎస్3లో అయితే ఆ టిక్కే లేదు.

పార్క్‌లేన్_పాతకాపు:
ఏ కార్డు కొనాలో చెప్పకుండా కార్డు కొనమంటే ఎలా? పెట్టె మీద "యూఎస్‌బీ 3.0, 4కే" అని రాసి, లోపల 2.0 చిప్పు పెట్టినవి బోలెడు. తెచ్చాక వాపసు అడిగితే సీలు తీశారంటారు. 4కే అంటే కార్డు లోపలికి తీసుకునేది, ల్యాప్‌టాప్‌కి వెళ్లేది 1080 మాత్రమే.

లెక్క చూడండి. 1920 × 1080 చుక్కలు, చుక్కకి 2 బైట్లు, సెకనుకి 60 ఫ్రేములు: దాదాపు 249 మెగాబైట్లు, అంటే సుమారు 2 గిగాబిట్లు. యూఎస్‌బీ 2.0 దారి మొత్తమే 480 మెగాబిట్లు. అందుకే బొమ్మను జేపెగ్‌గా నలిపి పంపుతుంది, పైగా 1080లో చాలావాటికి 30 ఫ్రేములే. స్కోరు అంకెల అంచుల్లో కనపడే మసక అదే.

సిటీలైట్:
పీఎస్4 ఆటను వైఫై మీదుగా ల్యాప్‌టాప్‌లో చూపించే సోనీ రిమోట్ ప్లే ఉచితం కదా, ఇదంతా ఎందుకు?

ఫ్రేమ్_లెక్క:
మామూలు పీఎస్4 నుంచి 720 దాటదు, ప్రో అయితేనే 1080. సోనీ 15 ఎంబీపీఎస్ ఉంటే మంచిదంటుంది, హాస్టల్ వైఫైలో రాత్రి తొమ్మిదికి అది నిలబడదు. కన్సోల్‌ని రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలిపితే కొంత నయం.

పాతకాపు గారూ, ఎంఎస్2109 చిప్పున్న కార్డు వద్దు, ఎంఎస్2130 అని రాసినది అడగండి. నిజమైన 3.0, 1080లో 60 ఫ్రేములు ఇస్తుంది.

మల్కాజిగిరి_మల్లన్న:
పాత ల్యాప్‌టాప్ పాడై మూలకు పడి ఉంటే, దాని తెర ప్యానెల్ తీసి, హెచ్‌డీఎంఐ బొమ్మను ప్యానెల్‌కు అందించే కంట్రోలర్ బోర్డు పెట్టుకోవచ్చు గదా. ప్యానెల్ ఎనక స్టిక్కర్ మీద నంబర్ చూసుకోవాలె. ఎల్‌పీ156డబ్ల్యూహెచ్4-టీఎల్ఎన్1 అయితే 40 పిన్నుల ఎల్‌వీడీఎస్, ఎన్156బీజీఈ-ఈ31 అయితే 30 పిన్నుల ఈడీపీ, రెండూ వేరే వేరే రకం కనెక్షన్లు. ఒకదాని బోర్డు ఇంకోదానికి పని చెయ్యదు. బోర్డుకు 12 వోల్టుల అడాప్టర్ ఇస్తం గని, ప్యానెల్‌కు పోవాల్సింది 3.3 వోల్టులే. బోర్డు మీద ప్యానెల్‌కు ఎన్ని వోల్టులు పోవాల్నో పెట్టే చిన్న జంపర్ ఉంటది, అది 12 మీద ఉంటే స్విచ్చేసిన క్షణంలనే ప్యానెల్ పోతది. ముందు జంపర్ చూడుర్రి, తర్వాతనే కరెంటు.

అమీర్‌పేట_హాస్టల్:
నా ల్యాప్‌టాప్ బాగానే ఉందన్నా, విప్పను.

పార్క్‌లేన్_పాతకాపు:
2130 అయినా ఆలస్యం పోదు. కార్డు, యూఎస్‌బీ, ఓబీఎస్, విండోస్, ఇన్ని దాటాలి. 60 ఫ్రేముల ఆటలో ఒక్క ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. నాలుగైదు ఫ్రేములు పోయాయంటే టెక్కెన్ లాంటి కొట్లాట ఆటలో దెబ్బ ఆపలేరు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ కొట్లుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి పాత మానిటర్ తెచ్చుకోండి.

ఫ్రేమ్_లెక్క:
మొదటినుంచీ మానిటర్ మానిటర్ అంటున్నారు, ఆయన గది ఎంతో చదివారా? ఒక అర ఉందన్నారు. దాని మీద కన్సోల్ పెడితే మానిటర్ మంచం మీద పెట్టుకోవాలా?

పార్క్‌లేన్_పాతకాపు:
చదివాను. మీరే ఆలస్యం మాట ఎత్తకుండా దాటేస్తున్నారు. తెలియని కుర్రాడి డబ్బులు కార్డుకి పోయాక, ఇది ఆడటానికి పనికిరాదని తెలిస్తే ఎవరిది బాధ్యత?

ఫ్రేమ్_లెక్క:
అన్ని ఆటలూ టెక్కెన్ కావు! కథ ఆటలకి, ఊళ్లు తిరిగే ఆటలకి ఆ నాలుగు ఫ్రేములు అడ్డమే కాదు. మీరు పోటీకి చెప్తున్నారు, నేను కాలక్షేపానికి చెప్తున్నాను. ఇద్దరం ఏం ఆడతారో ఆయన్ని అడగనే లేదు.

పార్క్‌లేన్_పాతకాపు:
అది నిజమే. తమ్ముడూ, ఏం ఆడతావు?

అమీర్‌పేట_హాస్టల్:
గాడ్ ఆఫ్ వార్. శనివారం రూమ్‌మేట్స్‌తో ఫుట్‌బాల్, ఆన్‌లైన్ కాదు, ఒకే గదిలో ఇద్దరం.

మల్కాజిగిరి_మల్లన్న:
ఇద్దరికీ ఒకటే ఆలస్యం, ఎవరికీ నష్టం లేదు. ఆడుర్రి.

పార్క్‌లేన్_పాతకాపు:
సరే, అయితే కార్డే తీసుకో. కొట్లో డబ్బులిచ్చే ముందు ప్లగ్గు లోపలికి టార్చి కొట్టి చూడు. నీలం ప్లాస్టిక్ చూసి నమ్మొద్దు. ముందు 4 పట్టీలు, వాటి వెనక ఇంకో 5 కనపడాలి. 4 మాత్రమే ఉంటే 2.0నే, తిరిగిచ్చేయ్. 9 ఉన్నా నమ్మకం లేకపోతే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి అక్కడే ఓబీఎస్‌లో కలిపి, రిజల్యూషన్ 1920×1080, ఎఫ్‌పీఎస్ 60, జేపెగ్‌గా నలపని ఫార్మాట్ వైయూవై2 లేదా ఎన్‌వీ12, ఈ మూడూ కలిసి దొరుకుతున్నాయో లేదో చూడు. నలిపి పంపే ఎంజేపెగ్ ఒక్కటే వస్తే తీసుకోవద్దు.

అమీర్‌పేట_హాస్టల్:
కింద మెస్ హాల్లో టీవీ ఉంది. ఈ రాత్రే అక్కడ హెచ్‌డీసీపీ టిక్కు తీసేస్తా.