ఉసురు నిజంగా తగులుతుందా? కర్మ పనిచేయడం ఎవరైనా చూశారా?

రేగడిచేను (నర్సంపేట):
మా బాపు వాటాకు రావాల్సిన ఎకరం పైచిలుకు భూమి, పాసుపుస్తకాలు మారేటప్పుడు మా చిన్నాయన పేరు మీదికి పోయింది. ఎట్లా పోయిందో ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. ఆయన హన్మకొండలో డూప్లెక్స్ కట్టాడు. బిడ్డ అమెరికాలో ఉంది. ఏటా వేములవాడకు పోయి కోడె మొక్కు తీర్చుకుని వస్తాడు. మా బాపుకు షుగర్ ముదిరి కిడ్నీలు పోయాయి, ఇప్పుడు డయాలసిస్. “ఉసురు తగలక పోదు బిడ్డా, చేసుకున్నోళ్లకు చేసుకున్నంత” అంటుంది మా బాపమ్మ. ఊళ్లో కొందరైతే బాపే పోయిన జన్మలో ఏదో చేసి ఉంటాడని అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఒళ్లు మండుతోంది. కర్మ ఉందా? ఉంటే ఎలా పనిచేస్తుంది? ప్రవచనాల వీడియోలు పెట్టకండి, చాలా చూశాను. మీరు కళ్లారా చూసింది చెప్పండి.

మిర్చియార్డు:
వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాగా చేశాను. మా వరసలో ఒక అడ్తిదారు కాంటాలోనూ తరుగులోనూ చేతివాటం చూపేవాడు. ఒక ఎండాకాలం ఆయన గోదాం కాలింది. రైతుల ఉసురు తగిలిందన్నారు అందరూ. అదే మంటకు పక్క గోదాం కూడా పోయింది. ఆ పక్కాయన, రైతు ఇంట్లో పెళ్లంటే వడ్డీ లేకుండా చేబదులు ఇచ్చే మనిషి. ఆయన విషయంలో మాత్రం “పాపం, టైం బాగలేదు” అన్నారు. అంటుకున్నది ఒకే వైరు, తీర్పులు మాత్రం రెండు! అదే వరసలో ఇంకో ఇద్దరు మోసగాళ్లు ఇప్పటికీ దర్జాగా ఉన్నారు. వాళ్ల మీద కథలు లేవు, ఎందుకంటే వాళ్లకు ఏమీ కాలేదు.

అయితే ఒకటి నిజంగా చూశాను. తూకంలో కొట్టేవాడి దగ్గరికి రైతులు రావడం మెల్లగా తగ్గుతుంది. ఒక ఊళ్లో ఒకరు దుకాణం మారితే వచ్చే సీజన్‌కు ఆ వాడంతా మారుతుంది. కానీ అప్పు తీసుకున్న రైతు మారలేడు, సరుకు అక్కడికే తేవాలి. కాబట్టి ఎవరు ఎక్కువ అప్పులిచ్చి పెట్టుకుంటారో వాళ్లకు ఈ దెబ్బ కూడా తగలదు. యార్డులో నాకు అర్థమైన కర్మ ఇంతే.

బడిపంతులు హన్మకొండ:
రేగడిచేను గారూ, మీ నాన్నగారి గురించి అన్న మాట వదిలేయండి. పోయిన జన్మలో ఎవరు ఏం చేశారో చెప్పగలిగేంత జ్ఞానం ఆ రచ్చబండ మీద ఎవరికీ ఉండదు. “గహనా కర్మణో గతిః” అని గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు, కర్మ నడక అంతుపట్టనిదని.

ఎలా పనిచేస్తుందని అడిగారు కాబట్టి చెబుతున్నాను. వేదాంతంలో కర్మ మూడు రకాలు. జన్మజన్మలుగా పోగుపడింది సంచితం. అందులోంచి ఈ జన్మకు అనుభవానికి వచ్చింది ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తున్నది ఆగామి. ఇక ఫలం ఎవరిస్తారన్న దగ్గర మనవాళ్లకే కుదరలేదు. చేసిన పనికీ దాని ఫలానికీ మధ్య ‘అపూర్వం’ అనే కనిపించని శక్తి నిలుస్తుందని, యజ్ఞకర్మలకే పెద్దపీట వేసే మీమాంసకులు అన్నారు, వాళ్లకు తీర్పు చెప్పే దేవుడి అవసరం లేదు. తర్కాన్ని నమ్ముకున్న నైయాయికులు ఈశ్వరుడు కావాల్సిందేనన్నారు. జైనులకు కర్మ ఒక సూక్ష్మ పదార్థం, కోపం, ఆశ ఉన్నప్పుడు జీవుడికి అంటుకుంటుంది. హన్మకొండ పద్మాక్షి గుట్ట మీద తీర్థంకరుల శిల్పాలు చూసే ఉంటారు. కాకతీయుల నాటికే ఇక్కడ జైనులు ఉన్నారు. కంటికి కనిపించేదే నమ్మే చార్వాకులైతే అసలు కర్మే లేదు పొమ్మన్నారు.

నాకు బాగా నచ్చేది భారతంలోని మాండవ్యుడి కథ. దొంగలు దాచిన సొమ్ము ఆశ్రమంలో దొరికిందని రాజు ఆయన్ను కొరత వేయించాడు, అంటే శూలానికి గుచ్చించాడు. ఏ పాపానికి ఈ శిక్ష అని యముణ్ని అడిగితే, చిన్నప్పుడు పురుగులకు పుల్లలు గుచ్చావన్నాడు. మాండవ్యుడు సరేనని తల వంచలేదు. పిల్లాడు చేసిన చిన్న తప్పుకు ఇంత శిక్షా అని యముడికే శాపం పెట్టాడు. ఆ శాపంతోనే యముడు విదురుడిగా పుట్టాడు. 14 ఏళ్లలోపు చేసినది పాపంగా లెక్కకు రాదని మాండవ్యుడు కొత్త హద్దు కూడా పెట్టాడు. కర్మ పేరుతో జరిగిన అన్యాయాన్ని నిలదీయడం మన పురాణాల్లోనే ఉంది.

స్టాఫ్‌నర్సు:
నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. మాస్టారి కథ బాగుంది కానీ మా దగ్గరికి వచ్చే తల్లులకు అది చేరదు. తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించడానికి వస్తారు. ములుగు, ఆసిఫాబాద్ వైపు గూడేల నుంచి సికిల్‌సెల్ పిల్లలు కూడా వస్తారు. బిడ్డ పక్కన కూర్చున్న అత్తగారో ఆడబిడ్డో “ఏ జన్మల ఏం పాపం చేసినవో” అని తల్లి మొహం మీదే అంటారు. తండ్రిని అనగా నేను వినలేదు, అది కూడా గమనించండి.

ఇవి రెండూ తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బులు. తల్లిదండ్రులిద్దరిలో ఆ జన్యువు ఒక్కోటి ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరి వల్లా వస్తుంది. మేనరికాల్లో ఈ అవకాశం ఎక్కువ. పెళ్లికి ముందో, గర్భం వచ్చిన కొత్తల్లోనో రక్త పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. పాపం అనుకున్న కుటుంబం పరీక్షకు రాదు, రెండో బిడ్డతో మళ్లీ వస్తుంది. రేగడిచేను గారి నాన్నకు వచ్చింది కూడా పాపం వల్ల కాదు. కిడ్నీలు పోవడానికి పెద్ద కారణాలు షుగర్, బీపీ. ఇంట్లో మిగిలినవాళ్లు కూడా షుగర్ చూపించుకోండి.

పాతపరకాల:
మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. 1997-98 పత్తి సీజన్ నేను చూశాను. లద్దెపురుగు పడింది. కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టారు, పురుగు చావలేదు. మందుల్లో కల్తీ ఉంది. ఆ మందు అప్పుకిచ్చింది దుకాణదారే, పండితే పత్తి కొనేది కూడా చాలాచోట్ల అతనే. కౌలు, వడ్డీ, దానికి తోడు వానలు. పురుగు కోసం తెచ్చిన డబ్బానే తాగి మన జిల్లాలో ఎంతమంది రైతులు పోయారో. ఆ ఏడాది వరంగల్ పేరు దేశమంతా తెలిసింది, ఆ చావుల వల్లే.

అప్పుడు కూడా ఊళ్లో పెద్దమనుషులు “వాని ఖర్మ, వాని రాత” అని శవం ముందే అన్నారు. మందు ఎవరమ్మాడు, విత్తనం ఎవరిచ్చాడు, బ్యాంకు ఎందుకు అప్పివ్వలేదు అని అడిగినవాళ్లు తక్కువ. రాత అనేస్తే దుకాణదారు కూడా ఆ గుంపులోనే నిలబడి కన్నీళ్లు తుడుచుకోవచ్చు. నిలబడ్డాడు కూడా.

కేయూ సైకాలజీ:
పాతపరకాల గారు చెప్పిన దాని మీద ప్రయోగం ఉంది. 1966లో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ అనే ఇద్దరు చేశారు. తప్పు జవాబు చెప్పినప్పుడల్లా ఒకామెకు కరెంటు షాక్ కొడుతున్నట్టు చూపించారు. నిజంగా కొట్టలేదు, ఆమె నటించింది. ఆపే వీలు లేకుండా చూస్తూ ఉండాల్సి వచ్చినవాళ్లు, కాసేపటికి ఆమెనే తక్కువ చేసి మాట్లాడారు. లోకం న్యాయంగా నడుస్తోందని మనకు నమ్మకం కావాలి. అది చెదిరేలా ఏదైనా కనబడితే, దెబ్బ తిన్న మనిషిలోనే తప్పు వెతుకుతాం.

బడిపంతులు హన్మకొండ:
స్టాఫ్‌నర్సు గారూ, మీకు ఒకటి చెప్పాలి. బుద్ధుణ్ని శివకుడు అనే పరివ్రాజకుడు (ఊరూరా తిరిగే సన్యాసి) ఇదే అడిగాడు, మనిషి పడే బాధలన్నీ పూర్వకర్మ వల్లేనా అని. కాదన్నాడు బుద్ధుడు. పైత్యం, శ్లేష్మం, వాతం, ఇవి మూడూ కలిసి చెడటం, రుతువుల మార్పు, అజాగ్రత్త, బయటి నుంచి తగిలిన దెబ్బ, ఇన్ని చెప్పి ఎనిమిదోదిగా కర్మను పెట్టాడు. అన్నీ కర్మే అనేవాళ్లు హద్దు దాటుతున్నారన్నాడు. పెద్దపల్లి దగ్గర ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. ఒకప్పుడు మన గోదావరి ఒడ్డున ఈ మాట చెప్పేవాళ్లు ఉండే ఉంటారు.

జగిత్యాల గల్ఫ్:
నాది ధర్మపురి వైపు. మా దగ్గర యమధర్మరాజుకే గుడి ఉంది. “ధర్మపురికి పోతే యమపురి ఉండదు” అంటారు. నన్ను విజిట్ వీసా మీద పంపి ముంచిన ఏజెంటు కూడా అక్కడే గోదావరిలో మునుగుతాడు మరి! వాడికి ఏమీ కాలేదు, ఇంకా ఇద్దరు పిల్లల్ని డాక్టర్లు చేశాడు.

క్యాంపులో మాత్రం వేరేది చూశాను. పని లేక, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఇరుక్కుని ఉన్నప్పుడు నిర్మల్ నుంచి వచ్చిన అన్న ఒకాయన తిండి పెట్టి, టికెట్‌కు రూముల్లో చందా వేయించాడు. తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. తనను ఒక కేరళ మనిషి ఇట్లాగే పంపించాడట. తర్వాత నేను మళ్లీ పోయినప్పుడు సిరిసిల్ల పిల్లగాడొకడు అదే స్థితిలో దొరికాడు, మేం చందా వేసినం. చేసిన మంచి చేసినవాడికి తిరిగి రాలేదు, పక్కవాడికి పోయింది. దీన్ని కర్మ అంటారో లేదో మాస్టారే చెప్పాలి.

వేయిస్తంభాలు:
అందరూ ఒకవైపే లాగుతున్నారు. భయం లేకపోతే మనిషి ఆగుతాడా? మా అమ్మ కూలీల లెక్కలో ఒక్క రూపాయి తప్పనిచ్చేది కాదు, “పైనొకడు రాసుకుంటాడు” అనేది. కోర్టు మన ఊరికి ఎప్పుడొచ్చింది? ఇన్నేళ్లూ పేదవాణ్ని కాస్తో కూస్తో కాపాడింది ఈ నమ్మకమే. దాన్ని కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుంది? కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి, ఒకటి యముడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. ముందు యముడికి మొక్కాకే శివుడికి మొక్కాలి. లెక్క తేలకుండా ముక్తి లేదని ఎవరో ఆలోచించే అట్లా పెట్టారని నాకనిపిస్తుంది.

రేగడిచేను (నర్సంపేట):
వేయిస్తంభాలు గారూ, మీ అమ్మగారికి దండం. కానీ మా చిన్నాయనకు కూడా ఆ భయం ఉంది. కోడె మొక్కుతో లెక్క సరిపోయిందని అనుకుంటున్నాడు. భయం ఉన్నవాడు భూమి తిరిగి ఇవ్వడం కంటే మొక్కు తీర్చుకోవడం తేలిక.

ఇంకో సంగతి. పోయిన వానాకాలం చిన్నాయన మనవడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఉసురు ఉసురు అని అన్నేళ్లు అన్న మా బాపమ్మే ఐనవోలు మల్లన్నకు మొక్కుకుంది, పిల్లగాడు బతకాలని. బతికాడు. ఇదేంది బాపమ్మా అంటే “వాడేం జేసిండురా” అంది. ఆ మర్నాటి నుంచి మళ్లీ చిన్నాయనను తిట్టడం మొదలు.

మిర్చియార్డు:
బాపమ్మకు మాండవ్యుడి కథ ఎవరో ముందే చెప్పినట్టున్నారు.

తహశీల్ చుట్టూ:
ఇంత చర్చలో కాగితాల సంగతి ఒక్కరూ అడగలేదు. 1954-55 ఖాస్రా పహాణీ (ఆనాటి భూమి రికార్డు) నుంచి పాసుపుస్తకం మారిన ఏడాది వరకు పహాణీల నకళ్లు తీయండి. మీ తాత పేరు ఎక్కడి వరకు ఉంది, చిన్నాయన పేరు ఏ ఏడాది ఎక్కింది, ఏ ఉత్తర్వు మీద ఎక్కింది, ఈ మూడూ తేలాలి. ధరణి (పాత భూరికార్డుల పోర్టల్) ఉన్నప్పుడు అప్పీలుకు దారి లేక అందరం తిరిగి తిరిగి వచ్చాం. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంలో అప్పీలు పెట్టుకునే వీలుంది. వాటా తగాదా అయితే సివిల్ కోర్టు కూడా చూడాల్సి రావచ్చు, కాబట్టి ముందు ఒక వకీలుకు కాగితాలు చూపించండి. అర్జీ మాత్రం మీ పేరు మీద కాకుండా బాపు పేరు మీద పెట్టండి, ఆయన డయాలసిస్ లేని రోజు చూసి సంతకం తీసుకోండి.

రేగడిచేను (నర్సంపేట):
శుక్రవారం డయాలసిస్ ఉండదు. ఖాస్రా పహాణీ నకలు మండలంలోనే ఇస్తారా, జిల్లా రికార్డు రూముకు పోవాలా?

తహశీల్ చుట్టూ:
ముందు మండలంలో అడగండి. అక్కడ లేదని చెబితే ఆ మాటే కాగితం మీద రాయించుకుని జిల్లాకు పోండి.