మోకాళ్ల నొప్పులున్న అమ్మకు సెకోయా చెట్లు చూపించేదెలా?

అందరికీ నమస్కారం. మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. అక్టోబరులో కదిరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. అమ్మ తిమ్మమ్మ మర్రిమాను చూస్తూ పెరిగిన మనిషి. "అడ్డంగా ఊరంత పాకిన చెట్టును చూశాను, ఆకాశానికి పోయే చెట్టును కూడా చూడాలిరా" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటోంది.

నిరుడు నేను సెకోయా నేషనల్ పార్కులో జనరల్ షెర్మన్ చెట్టు చూశాను. ఎత్తు సుమారు 275 అడుగులు, మొదలు చుట్టుకొలత 100 అడుగుల పైమాటే. కాండం ఘనపరిమాణం లెక్కన ప్రపంచంలోకెల్లా పెద్ద చెట్టు అదే. అంతటి మాను వచ్చింది ఓట్స్ రేకంత విత్తనం నుంచి! మంటల వేడికి కాయలు ఎండి విచ్చుకుంటే, ఆ గింజలు బూడిద నేలలో మొలుస్తాయట. అయినా పెద్ద మంటలొస్తే వీటికీ ప్రమాదమే. 2021 కార్చిచ్చప్పుడు షెర్మన్ మొదలుకు అల్యూమినియం రేకు చుట్టి కాపాడారు. అమ్మకు ఇవన్నీ అక్కడ నిలబెట్టి చెప్పాలని నా ఆశ.

కానీ పెద్ద పార్కింగ్ నుంచి అర మైలు దిగాలి, దారిలో మెట్లున్నాయి. అమ్మ దిగినా మళ్లీ ఎక్కలేదు. ఆ చోటు దాదాపు 7 వేల అడుగుల ఎత్తులో ఉంది, నాన్నకు ఆయాసం. అదే నా టెన్షన్.

కింద రోడ్డు పక్కన దివ్యాంగుల పర్మిట్ ఉన్నవాళ్లకు వేరే పార్కింగ్ ఉంది. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు తాత్కాలిక పర్మిట్ ఎవరైనా తీసుకున్నారా? లేదంటే పక్కనే కింగ్స్ కాన్యన్ పార్కులో ఉన్న మరో పెద్ద సెకోయా, జనరల్ గ్రాంట్ చెట్టు దగ్గరి చిన్న దారిలో వీల్‌చైర్ తోయడం సులువేనా? పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.