పోలీస్ స్టేషన్‌లో రాజీ సంతకాలు: లెక్క అడగడం ఎలా?

ప్రశ్న: మండల మహిళా సమాఖ్య కార్యకర్త, రాయలసీమ

మా మండలంలో పొదుపు సంఘాల సభ్యులం కొందరం, ఇళ్లలో దెబ్బలు తింటున్న స్త్రీలకు తోడుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్తుంటాము. భర్త కొడుతున్నాడనో, అత్తింటివారు కట్నం కోసం వేధిస్తున్నారనో అర్జీ రాసి ఇస్తే తీసుకుంటారు గాని, కేసు మాత్రం నమోదు చేయరు. ఇరుపక్షాలనూ పిలిపించి, ఊరి పెద్దమనుషులను కూర్చోబెట్టి, స్టేషన్ ఆవరణలోనే పంచాయితీ చేసి, ఇకపై తనకు ఏ ఫిర్యాదూ లేదని ఆమె చేత సంతకం చేయించుకొని పంపేస్తారు. దీనికి వారు పెట్టుకున్న పేరు కౌన్సెలింగ్. అలా పంపేసిన ఒక అమ్మాయి కొద్ది వారాలకే చేయి విరిగి ఆస్పత్రిలో చేరింది. మేము వెళ్లి అడిగితే, మొదట ఇచ్చిన అర్జీ తమ దగ్గర లేనే లేదన్నారు.

ఇప్పుడు మాలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. స్టేషన్ ముందు బైఠాయిస్తే తప్ప వారు కదలరని కొందరంటున్నారు. రేపు మళ్లీ ఇంకొకరిని వెంటబెట్టుకొని అదే గుమ్మం ఎక్కాలి కాబట్టి తెగేదాకా లాగకూడదని పెద్దవాళ్లంటున్నారు. నేను అడగదలచుకున్నది ఒక్క కేసు గురించి కాదు. ఆ స్టేషన్ స్త్రీల ఫిర్యాదులను ఏం చేస్తున్నదో మాలాంటి సామాన్యులు లెక్క అడిగే మార్గం ఏమైనా ఉన్నదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: న్యాయవాది, గుంటూరు

అమ్మా, ముందుగా చట్టం ఎక్కడ గట్టిగా ఉన్నదో, ఎక్కడ సందు ఇచ్చిందో తెలుసుకోండి. స్టేషన్‌లో మీకు ఎదురయ్యే వాదనలన్నీ ఆ సందులోంచే వస్తాయి. కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగిందని సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయితే అదే తీర్పులో దాంపత్య, కుటుంబ వివాదాల్లో ముందుగా ప్రాథమిక విచారణ జరపవచ్చని ఒక మినహాయింపు ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చినది) 173వ సెక్షన్ కూడా, మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లో ముగిసేలా ప్రాథమిక విచారణకు వీలిచ్చింది. కాబట్టి విచారణ చేస్తున్నామని వారంటే, డీఎస్పీ గారి అనుమతి ఏ తేదీన తీసుకున్నారో, గడువు ఎప్పటితో ముగుస్తుందో అడగండి. విచారణ అంటే నేరం జరిగినట్టు కనబడుతున్నదా లేదా అని చూడటమే. రాజీ కుదర్చడం అందులో భాగం కాదు.

అర్నేష్ కుమార్ తీర్పు వచ్చింది కాబట్టి కేసు కట్టలేమని కూడా కొన్నిచోట్ల చెబుతున్నారు. 2014 నాటి ఆ తీర్పు అవసరం లేకుండా అరెస్టు చేయవద్దన్నదే గాని, కేసు నమోదు చేయవద్దని ఎక్కడా అనలేదు. అత్యాచారం, యాసిడ్ దాడి, లైంగిక దాడి వంటి నేరాల్లో సమాచారాన్ని నమోదు చేయని అధికారికి భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చినది) 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష ఉంది. కానీ భర్త, అత్తింటివారి వేధింపులు ఆ జాబితాలో లేవు. నా దృష్టిలో ఇది చట్టంలోని పెద్ద లోపం, ఎందుకంటే స్టేషన్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతున్న స్త్రీలలో ఎక్కువమంది ఈ వేధింపులు పడుతున్నవారే.

స్టేషన్‌లో నిరాకరిస్తే ఫిర్యాదును ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా చర్య లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించే హక్కు ఉంది. ఆ పోస్టు రసీదు లేకుండా కోర్టుకు వెళ్తే మొదటి ప్రశ్న దాని గురించే వస్తుంది. 2005 నాటి గృహహింస చట్టం 5వ సెక్షన్ ప్రకారం, రక్షణ ఉత్తర్వుల గురించి, ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడే రక్షణ అధికారి గురించి, ఉచిత న్యాయ సహాయం గురించి బాధితురాలికి చెప్పవలసిన బాధ్యత పోలీసులదే. ఆ సంగతి చెప్పకుండా రాజీ సంతకం తీసుకోవడం తమ విధిని విస్మరించడమే అవుతుందని మీ అర్జీలో నేరుగా రాయండి.

జవాబు: విశ్రాంత హెడ్ కానిస్టేబుల్

వృత్తిలో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గా పనిచేసినవాణ్ని కాబట్టి లోపలి సంగతి చెబుతాను. నెలనెలా జరిగే క్రైమ్ మీటింగ్‌లో ఏ స్టేషన్‌లో ఎన్ని కేసులు పెరిగాయన్నది చూస్తారు. కేసులు పెరిగితే ఎస్సై సమాధానం చెప్పాలి. అర్జీలు రాజీతో ముగిస్తే ఎవరూ ఏమీ అడగరు. నమోదు చేసిన ప్రతి కేసుకూ దర్యాప్తు, సాక్షులు, చార్జిషీటు, కోర్టు వాయిదాలు ఉంటాయి, సిబ్బందేమో చాలరు. ఇవి కారణాలే గాని సమర్థనలు కావని నాకు తెలుసు. పై అధికారులు కేసుల సంఖ్యను తప్పుగా చూడటం మానుకోనంతకాలం కింది ఉద్యోగిని ఒక్కణ్ని నిందిస్తే మార్పు రాదన్నది మాత్రం నా అభిప్రాయం.

మీ చేతిలో ఉన్న మేలైన ఆధారం ఆస్పత్రి కాగితం. దెబ్బలతో వచ్చిన స్త్రీ ఎవరు కొట్టారో చెబితే, ప్రభుత్వ ఆస్పత్రిలో దాన్ని మెడికో లీగల్ కేసుగా రాసి స్టేషన్‌కు ఇంటిమేషన్ పంపుతారు. అది ఆస్పత్రి రిజిస్టర్‌లోనూ ఉంటుంది, స్టేషన్‌లోనూ ఉండాలి. స్టేషన్‌లో అర్జీ మాయం కావచ్చు గాని, రెండు చోట్లా ఉన్న కాగితం మాయం కావడం కష్టం. మెట్ల మీద నుంచి జారి పడ్డానని ఆమె చేత చెప్పిస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే మీరు తోడు వెళ్లవలసిన మొదటి చోటు స్టేషన్ కాదు, ఆస్పత్రి. అర్జీ ఇచ్చేటప్పుడు రెండో ప్రతిపై ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం అడగండి. స్టేషన్‌లో ఏ రోజు సంగతులు ఆ రోజు రాసే జనరల్ డైరీలోని నంబరు కూడా చెప్పమనండి. అడిగే అలవాటు లేక అందరూ వదిలేస్తున్నారు.

జవాబు: హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

ఈ కాగితాలు, గడువులు, రసీదులతో స్త్రీలకు న్యాయం జరుగుతుందన్న నమ్మకం నాకు లేదు. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులను పోలీసులు కాల్చి చంపినట్టు వెంటనే శిక్ష పడితేనే భయం పుడుతుంది. ఆ రోజు జనం పోలీసులపై పూలు చల్లింది ఊరికే కాదు.

జవాబు: స్త్రీల హక్కుల కార్యకర్త, విశాఖపట్నం

తమ్ముడూ, మీ ఆవేదనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఆ పూలు చల్లడానికి తొమ్మిది రోజుల ముందు, అంటే 2019 నవంబరు 27 రాత్రి, ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కూతురు కనబడటం లేదని స్టేషన్‌కు వెళ్లిన ఆ కుటుంబానికి అది తమ పరిధిలోకి రాదన్న మాట వినబడింది. ఆ జాప్యానికి ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ రాత్రి స్టేషన్‌లో ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇంకెన్ని స్టేషన్లలో అలాగే జరుగుతున్నది అన్న ప్రశ్నలన్నీ డిసెంబరు 6 తెల్లవారుజామున జరిగిన కాల్పుల తర్వాత చర్చలోంచి తప్పుకున్నాయి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని నిర్ధారించి, పది మంది పోలీసులను హత్యానేరంపై విచారించాలని 2022లో బయటపడిన నివేదికలో సిఫారసు చేసింది. చట్టాన్ని పక్కన పెట్టే అధికారాన్ని మనమే పోలీసుల చేతికిస్తే, రేపు అదే అధికారం ఒక పేద స్త్రీ మీదకు వస్తుంది. మన దగ్గర అది వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

1978 మార్చి నెలాఖరులో, సినిమా చూసి తిరిగి వస్తున్న ఒక యువతిని హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో పోలీసులే చెరిచారు. అడ్డుపడినందుకు, రిక్షా కార్మికుడైన ఆమె భర్తను కొట్టి చంపారు. నగరం భగ్గుమన్నది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ విధించారు. జనం కోపం వల్లనే జస్టిస్ ముక్తదర్ కమిషన్ వచ్చింది, పోలీసులు దోషులని చెప్పింది. కానీ విచారణ రాయచూరుకు మారి, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె నడవడిక మీద బురద జల్లడంలో చూపిన శ్రద్ధలో నాలుగో వంతు సాక్ష్యాల మీద చూపి ఉంటే ఫలితం వేరుగా ఉండేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఇక వాకపల్లి. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని ఆ కోందు గిరిజన గ్రామానికి కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది స్త్రీలు చెప్పారు. కేసు విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టులో తేలేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది. నిందితుల గుర్తింపు పరేడ్ జరపకపోవడం వంటి దర్యాప్తు లోపాల వల్ల 13 మంది పోలీసులూ విడుదలయ్యారు. అయినా ఆ స్త్రీలకు పరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించింది, దర్యాప్తు అధికారి వైఫల్యాన్ని తప్పుపట్టింది. దాదాపు పదహారేళ్లు ఆ అక్కలు ఒక్క మాట మీద నిలబడ్డారు. వెలివేతను, కోర్టుల చుట్టూ తిరుగుడును, మీరు అబద్ధం చెబుతున్నారన్న నిందను భరించారు. మానవ హక్కుల వేదిక వంటి సంఘాలు వారితో చివరిదాకా నడిచాయి. వారి పట్టుదలలో ఏ లోపమూ లేదు. మొదటి రోజుల్లో సేకరించవలసిన సాక్ష్యాన్ని సేకరించలేదు, అంతే. ఆ తొలి రోజులను తర్వాతి ఏ ఉద్యమమూ తిరిగి తేలేకపోయింది.

అందువల్ల సమాఖ్య సోదరికి నా సలహా ఇది. ధర్నా చేయండి, అవసరమైనప్పుడు తప్పక చేయండి. స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక మధుర కేసులో పోలీసులను వదిలేసిన 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పుపై నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాయకపోయినా, మరుసటి ఏడాది స్త్రీలు వీధుల్లోకి రాకపోయినా, కస్టడీ అత్యాచారాలపై 1983 నాటి చట్ట సవరణ వచ్చేది కాదు. అయితే ధర్నాకు ముందు రోజు మీ చేతిలో ఏ కాగితం ఉన్నదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ నమస్కారాలు. ఆస్పత్రి సంగతి మాకు తట్టలేదు. మరొక్కటి అడుగుతాను. ఉపాధి హామీ పనులకు మా ఊళ్లో సామాజిక తనిఖీ జరుగుతుంది. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చదివి వినిపిస్తారు, పని చేయనివారి పేరు ఉంటే జనం లేచి అడుగుతారు. మా సంఘంలో చాలామంది ఆ తనిఖీల్లో పనిచేసినవారే. స్టేషన్‌కు వచ్చిన స్త్రీల ఫిర్యాదులపై అటువంటిది జరిపించలేమా?

జవాబు: న్యాయవాది, గుంటూరు

ఇది చాలా మంచి ఆలోచన, కాకపోతే ఒక తేడా గమనించాలి. మస్టర్‌లోని పేరు ఊరందరి ముందు చదవవచ్చు. ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు చదవకూడదు. లైంగిక నేరాల్లో బాధితురాలి గుర్తింపు వెల్లడించడం నేరం, గృహహింసలో అది ఆమె ప్రాణానికే ముప్పు. కాబట్టి పేర్లు వద్దు, అంకెలు అడగండి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా పోలీసు కార్యాలయానికి దరఖాస్తు చేయండి. గత ఏడాదిలో మీ స్టేషన్‌కు స్త్రీల నుంచి వచ్చిన అర్జీలు ఎన్ని, వాటిలో ఎఫ్‌ఐఆర్ అయినవి ఎన్ని, డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ జరిపినవి ఎన్ని, రాజీ అని మూసివేసినవి ఎన్ని, రక్షణ అధికారికి పంపినవి ఎన్ని అని అడగండి. మీ ఆస్పత్రి నుంచి అదే కాలంలో స్టేషన్‌కు వెళ్లిన ఇంటిమేషన్లు ఎన్నో ఆస్పత్రిని విడిగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి, వాటి మధ్య ఉన్న తేడాతో ఎస్పీ గారి ప్రజా సమస్యల పరిష్కార వేదికకు మీ సంఘం తరఫున వెళ్లండి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసులపై ఫిర్యాదుల కోసం రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో ప్రత్యేక అథారిటీలు ఉండాలని ఆదేశించింది. మీ జిల్లాలో అది పనిచేస్తున్నదా, దాని కార్యాలయం ఎక్కడ అన్న ప్రశ్నను కూడా అదే దరఖాస్తులో చేర్చండి. చేయి విరిగిన ఆ అమ్మాయి విషయంలో మాత్రం ఈ అంకెల కోసం ఆగవద్దు. వైద్య పత్రాలు జతచేసి ఎస్పీ గారికి ఈ వారమే పోస్టు చేయండి. ఆమె మొదటిసారి అర్జీ ఇచ్చిన తేదీ నాటి సీసీటీవీ దృశ్యాలను భద్రపరచాలని అందులో కోరండి. స్టేషన్ ప్రవేశ ద్వారం నుంచి లాకప్ దాకా కెమెరాలు ఉండాలని 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అర్జీ రాలేదని వారు చెబుతున్నారు కదా, ఆమె ఆ రోజు కాగితంతో లోపలికి వచ్చిందో లేదో అందులో కనబడుతుంది.