నాన్నగారి డ్రాయింగ్‌లు ఆర్కైవ్‌కి ఇస్తున్నాం, ఏవి ఉంచాలి?

ప్రశ్న:
మా నాన్నగారు ఆర్కిటెక్ట్. కోర్టులు, లైబ్రరీలు, బస్ స్టేషన్లు, ఇలా ప్రజల కోసం కట్టినవే ఎక్కువ చేశారు. ఆయన పోయాక ఆఫీసు గది ఖాళీ చేస్తున్నాం. అంతా చుట్టలే: ట్రేసింగులు (అవతలిది కనిపించే పలుచటి కాగితం మీద గీసినవి), బ్లూప్రింట్లు (నీలం మీద తెల్ల గీతల కాపీలు), అమ్మోనియా ప్రింట్లు (అమ్మోనియాతో తీసిన కాపీలు). ఒక యూనివర్సిటీ ఆర్కైవ్ తీసుకుంటామంది. రంగుల్లో వేసిన పర్‌స్పెక్టివ్‌లు (కట్టాక బిల్డింగ్ ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మలు) ఇచ్చి, మిగతావి స్కాన్ చేసి తీసేద్దామంటున్నాడు అన్నయ్య. నాకు మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
స్కాన్ సంగతి ఒక్కటి చెప్తాను. పాత ట్రేసింగుల్ని కాగితం లాక్కునే స్కానర్‌లో పెట్టకండి, చిరుగుతాయి. బల్ల మీద పరిచి పైనుంచి ఫొటో తీయించండి.

జవాబు:
నేను ఆర్కైవ్‌లో డ్రాయింగ్‌ల విభాగంలోనే పనిచేస్తానండి. దయచేసి ఏదీ పారేయకండి. రంగుల పర్‌స్పెక్టివ్ కట్టించేవాళ్లకు చూపించడానికి వేసేది. బిల్డింగ్ ఎలా నిలబడిందో వర్కింగ్ డ్రాయింగ్‌లలోనే (కట్టేవాళ్ల కోసం కొలతలతో గీసినవాటిలో) ఉంటుంది: స్లాబులో కడ్డీలు, వాన నీరు పోయే దారి, కిటికీ గోడలో కూర్చున్న తీరు. ఏళ్ల తర్వాత రిపేరుకి వచ్చే ఇంజినీర్లు అడిగేది వీటినే. టైటిల్ బ్లాక్ (డ్రాయింగ్ మూలన పేరు, నంబరు రాసే గడి) పక్కన రివిజన్ల పట్టీ చూడండి, ఎప్పుడు ఏది మార్చారో తేదీలతో సహా ఉంటుంది. పెన్సిల్‌తో గీసి కొట్టేసిన స్కెచ్‌లంటే నాకు ప్రాణం. మనిషి ఆలోచన కదిలిన జాడ వాటిలోనే దొరుకుతుంది.

పేరున్న భారతీయ ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 2013లో తన ఆర్కైవ్‌ని లండన్‌లోని రిబాకి (బ్రిటన్ ఆర్కిటెక్ట్‌ల సంస్థ, RIBA) ఇచ్చారు, ఆరు వేలకు పైగా డ్రాయింగ్‌లు. భోపాల్‌లో ఆయన కట్టిన కళాకేంద్రం భారత్ భవన్ ఫొటోలో చెరువు వైపు దిగే మెట్లలా కనిపిస్తుంది. గ్యాలరీలు నేలలోకి ఎలా ఒదిగాయో, వాటిలోకి వెలుగు పైనుంచి ఎలా దిగుతుందో సెక్షన్ (బిల్డింగ్‌ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్) చూస్తేనే అర్థమవుతుంది. ఢిల్లీలో 1972 నాటి ఎగ్జిబిషన్ హాలు, హాల్ ఆఫ్ నేషన్స్‌ని 2017లో కూల్చేశారు. దాన్ని చదువుకోవాలంటే ఇక డ్రాయింగ్‌లు, ఫొటోలే దిక్కు. నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక జాగ్రత్తలు. అమ్మోనియా ప్రింట్లని వేరే పెట్టెలో పెట్టండి, వాటి నుంచి వచ్చే రసాయనాలు పక్క కాగితాల్ని పాడుచేస్తాయి. బ్లూప్రింట్లకు వెలుతురు పడదు, క్షారం కలిపిన ఆర్కైవ్ కాగితం కూడా పడదు, నీలం వెలిసిపోతుంది. ట్రేసింగ్ క్లాత్‌కి (కాగితానికి బదులు డ్రాయింగ్ గీసే పలుచటి బట్ట) గంజి పెట్టి ఉంటుంది కాబట్టి తడి బట్టతో తుడవకండి. లామినేషన్ వద్దేవద్దు. పాత సెల్లోటేపు పీకకండి, పెళుసెక్కిన చుట్టల్ని బలవంతంగా విప్పకండి, ఆ పని ఆర్కైవ్‌వాళ్లకే వదిలేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, నాన్నగారు పెట్టుకున్న వరస చెదరనివ్వకండి. ఏ జాబ్ నంబరు (ఒక్కో ప్రాజెక్టుకి ఆఫీసు ఇచ్చే నంబరు) చుట్టలు ఏ అరలో ఉన్నాయో ఫొటో తీశాకే కదపండి. ఆ నంబర్ల ఉత్తరాల ఫైళ్లు, సైట్ ఫొటోలు ఉంటే వాటితోనే పంపండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. అన్నయ్యకు చదివి వినిపించాను, పారేసే మాట మానేశాడు. కాగితాలు ఇచ్చేస్తే హక్కులు కూడా వాళ్లవే అయిపోతాయా?

జవాబు:
కావండి. కాగితం ఇవ్వడం వేరు, కాపీరైట్ ఇవ్వడం వేరు. ఒప్పందంలో రెండూ విడివిడిగా రాయించుకోండి. ముందు ఆ కాపీరైట్ నాన్నగారిదా, పని ఇచ్చిన శాఖదా అని పాత కాంట్రాక్టుల్లో చూసుకోండి. కోర్టుల ప్లాన్లు ఉన్నాయన్నారు కదా, ఇప్పటికీ నడుస్తున్నవాటిని భద్రత దృష్ట్యా అందరికీ చూపించకపోవచ్చు. ఏవేవి వాడుకలో ఉన్నాయో ఒక లిస్టు రాసి ఆర్కైవ్‌వాళ్లకు ముందే ఇవ్వండి.